ఇంటిపనే వ్యాయామం కావాలంటే ఏం చేయాలి?

"పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇంటిపనితోనే నడుం పడిపోతోంది, మళ్లీ వాకింగ్ కూడానా?" డాక్టరు నడవమన్న ప్రతిసారీ మా ఆవిడ అనే మాట ఇది. "నెలనెలా జిమ్‌కు కట్టే బదులు ఆ గదులేవో నేనే తుడుచుకుంటే సరిపోదా?" ఇది నా మాట. నాలుగేళ్ల క్రితం, షుగరు బోర్డర్‌లో ఉందని తెలిసిన నెలలో అన్నాను. రెండూ ఒకే ప్రశ్నలా అనిపిస్తాయి గానీ జవాబులు వేరు. ఇంటిపని ఆవిడకు సరిపోలేదు. నాకు చాలావరకు సరిపోయింది. ఎందుకలా అయిందో అర్థమైతే, మీ ఇంట్లో ఏ పని వ్యాయామం కింద జమ అవుతుందో ఏది కాదో మీరే తేల్చుకోగలరు.

ముందు ఒక జాగ్రత్త. గుండెజబ్బు ఉన్నా, నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టు అవుతున్నా, బీపీ అదుపులో లేకపోయినా, ఈమధ్యే ఆపరేషన్ జరిగినా, కడుపుతో ఉన్నా, డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టండి. నీళ్ల బకెట్ ఎత్తడం కూడా బరువు ఎత్తడమే.

1. వారం రోజులు కాగితం మీద రాయండి

వంటింటి గోడకు ఒక కాగితం అంటించండి. చేసిన పని, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము రాయండి. మధ్యలో ఫోను వస్తే, పాలవాడొస్తే, టీవీ ముందు నిలబడిపోతే ఆ నిమిషాలు తీసేయండి. చేతులూ కాళ్లూ నిజంగా ఆడిన సమయమే లెక్క. నేను రోజూ గంటసేపు పని చేస్తున్నానని అనుకునేవాణ్ణి. రాసి చూస్తే సగటున 25 నిమిషాలు కూడా లేదు.

ఇలా లెక్క తప్పడం నా ఒక్కడికే జరిగింది కాదు. ఉత్తర ఐర్లాండ్‌లో 4,500 మందికి పైగా పెద్దవాళ్లను అడిగి చేసిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. తాము చేసే శ్రమలో ఇంటిపనిని ఎక్కువగా చూపించినవాళ్లే ఎక్కువ లావుగా ఉన్నారని అందులో తేలింది. చేసిన దానికంటే ఎక్కువ చెప్పి ఉండొచ్చు, లేదా చేసిన పని వ్యాయామమయ్యేంత గట్టిది కాకపోయి ఉండొచ్చని పరిశోధకులు అన్నారు. అందుకే మొదటి మెట్టుగా కాగితం పెట్టాను. దీన్ని దాటేసి ముందుకు వెళ్లకండి.

2. ప్రతి పనికీ ఊపిరి పరీక్ష పెట్టండి

పని మధ్యలో, ఆపకుండానే, పక్కవాళ్లతో రెండు వాక్యాలు మాట్లాడండి. తర్వాత ఒక పాట పల్లవి ఎత్తుకోండి. మాటా పాటా రెండూ హాయిగా సాగితే అది తేలికపాటి పని. మాట వస్తోంది గానీ పాట మధ్యలో తెగిపోతోందంటే అది మీకు కావలసిన మధ్యస్థాయి శ్రమ. నాలుగు మాటలకే ఆయాసం వస్తే అది గట్టి శ్రమ. చేతికి వాచీ లేకపోయినా ఈ పరీక్ష చాలు.

అలసట మీద ఆధారపడొద్దు. మూడు గంటలు నిలబడి పెళ్లివారికి పూర్ణాలు వేసినా అలసిపోతాం. కాళ్లు లాగుతాయి, నడుం నొస్తుంది, అయినా ఊపిరి పెరగదు. గుండెకు పని పడదు. మా ఆవిడ విషయంలో జరిగింది ఇదే.

ఊపిరితో పాటు అంకెలు కూడా కావాలంటే ఒక పట్టిక ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికయ్యే శక్తి ఖర్చును 1 అనుకుని, ఏ పనికి అది ఎన్ని రెట్లవుతుందో అమెరికా పరిశోధకులు 1993లో మొదట ప్రచురించారు, తర్వాత చాలాసార్లు సవరించారు. 3 నుంచి 6 లోపు మధ్యస్థాయి, 6, ఆపైన గట్టి శ్రమ. ఇస్త్రీ, బట్టలు మడతపెట్టడం, నిలబడి కూరలు తరగడం 2 దగ్గర ఆగిపోతాయి. అంట్లు తోమడం కూడా 3కి చేరదు. ఇల్లు ఊడ్చడం, తడిబట్ట పెట్టడం 3 నుంచి 3.5. బట్టలు చేత్తో ఉతికి, పిండి, దండెం మీద ఆరేయడం 4, అంటే చురుగ్గా నడిచినంత. బాత్రూం గచ్చు ఒంటి బలమంతా పెట్టి రుద్దితే 6 దాటుతుంది. సరుకుల సంచులతో మెట్లెక్కడం 7 పైనే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. "మా నాయనమ్మ ఏ జిమ్‌కు వెళ్లింది, ఎనభై ఏళ్లు బతకలేదా" అని చాలామంది అంటారు. ఆవిడ చేసిన ఇంటిపని, ఇప్పుడు మనం చేస్తున్నది ఒకటి కావు. మా అమ్మ గోదావరి జిల్లాలో కాపురానికి వచ్చినప్పుడు పప్పు రుబ్బురోట్లో పొత్రం తిప్పి రుబ్బేది, కారం రోకలితో దంచేది, నీళ్లు నూతిలోంచి చేది బిందెతో నడుం మీద మోసేది. ఆ పనులు మిక్సీకీ మోటారుకీ వాషింగ్ మెషీన్‌కీ వెళ్లిపోయాయి. వెళ్లిపోవడమే మంచిదయింది. ఆ తరం ఆడవాళ్ల మోకాళ్లు చూసినవాళ్లెవరూ, కట్టెపొయ్యి పొగకు వాళ్లు దగ్గిన దగ్గు విన్నవాళ్లెవరూ ఆ రోజులు తిరిగి రావాలని కోరుకోరు. కానీ బరువైన పనులు పోయాక మిగిలిన పనికి పాత పేరే ఉంది కదా అని పాత ఫలితం రాదు.

3. వారానికి 150 నిమిషాలు జమ చేయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమ కావాలి. గట్టి శ్రమ అయితే 75 నుంచి 150 చాలు. అంతకుముందు ఒక్కో విడత కనీసం 10 నిమిషాలు ఉండాలనే షరతు ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. మనకు దీనివల్ల మేలే జరిగింది. 6 నిమిషాల మెట్లు, 8 నిమిషాల బాత్రూం రుద్దడం కూడా ఇప్పుడు లెక్కలోకి వస్తాయి.

అది వ్యాయామమా పనా అని గుండె అడగదు. మన దేశంతో కలిపి 17 దేశాల్లో 1,30,000 మందిని ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట శ్రమపడేవాళ్లలో చావులూ గుండెజబ్బులూ తక్కువగా కనిపించాయి. ఆ శ్రమ పార్కులో చేసినదైనా, ఇంట్లో, పొలంలో, ఉద్యోగంలో చేసినదైనా అంతే.

కాగితం మీద ఊపిరి పరీక్ష దాటిన పనులకు టిక్కు పెట్టి ఆ నిమిషాలు కూడండి. నా వారం ఇలా ఉంటుంది: ఇల్లంతా ఊడ్చి తడిబట్ట పెట్టడం 35 నిమిషాలు, వారానికి మూడుసార్లు, 105. రెండు బాత్రూములు ఆదివారం 25. డాబా మీద కుండీలకు నీళ్లు మోయడం, మట్టి తవ్వడం 20. మూడో అంతస్తుకు లిఫ్టు లేకుండా ఎక్కడం రోజుకు నాలుగైదు నిమిషాలు, వారానికి 30. మొత్తం 180.

పనులు విడివిడిగా చేయకుండా గుదిగుచ్చండి. ఒక గది ఊడ్చి కూర్చుని, కాఫీ తాగి ఇంకో గది ఊడిస్తే ఊపిరి పెరిగేలోపే దిగిపోతుంది. పరగడుపున కాదు, తిన్న వెంటనే కాదు, స్నానానికి ముందు పెట్టుకోండి. హాలు నుంచి మొదలుపెట్టి గదులన్నీ ఊడ్చి, ఆ వెంటనే తడిబట్ట, ఆ వెంటనే బాత్రూం, చివర చెత్త బుట్ట పట్టుకుని కిందికి దిగి మెట్ల మీదుగా పైకి. స్నానం హాయిగా అనిపిస్తుంది కూడా.

4. మెట్లను వదులుకోకండి

మీ ఇంట్లో ఉచితంగా దొరికే వ్యాయామాల్లో అన్నిటికంటే గట్టిది ఇదే. 1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు బస్సు డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూశారు. అవి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు టికెట్లు కొడుతూ వందల మెట్లు ఎక్కి దిగుతాడు. కండక్టర్లకు గుండెపోట్లు బాగా తక్కువగా వచ్చాయి. వాళ్లెవరూ వ్యాయామానికని ఎక్కలేదు, జీతం కోసం ఎక్కారు.

2022లో బ్రిటన్‌లో 25,000 మంది మీద వచ్చిన మరో అధ్యయనంలో చూసింది అసలు వ్యాయామమే చేయనివాళ్లను. చేతికి కట్టిన పరికరంతో వాళ్ల కదలికలు కొలిచారు. రోజుకు మూడుసార్లు, ఒకటి రెండు నిమిషాలపాటు, పనుల్లో భాగంగానే ఆయాసం వచ్చేంత వేగంగా కదిలినవాళ్లలో మరణాలు దాదాపు 40 శాతం తక్కువ. ఇది కారణమని నిరూపించిన లెక్క కాదు, కలిసి కనిపించిన లెక్క. అయినా ఖర్చు లేనిది కాబట్టి నేను వెంటనే పట్టుకున్నాను: పాల ప్యాకెట్టుకు ఒకసారి, కూరలకు ఒకసారి, డాబా మీద బట్టలకు ఒకసారి. పైకి చురుగ్గా, కిందికి నెమ్మదిగా, రెయిలింగ్ పట్టుకుని. మోకాళ్లు అరిగినవాళ్లు ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు లిఫ్టు వాడండి. మోకాలికి దిగడమే కష్టం.

5. ఒంటిని సరిగ్గా వంచండి

జిమ్‌లో ట్రైనరు ఉంటాడు, ఇంట్లో ఉండడు. ఇంటిపని వల్ల మంచి కంటే నొప్పులు ఎక్కువ రావడానికి ఇదే కారణం. ఈ భాగం నిదానంగా చదవండి.

చీపురు. పొట్టి చీపురుతో నడుం వంచి అరగంట ఊడిస్తే వెన్ను కింది భాగం మొత్తం బరువు మోస్తుంది. గొంతుక్కూర్చుని, కాళ్లు జరుపుకుంటూ ఊడిస్తే తొడలకు మంచి పని. మోకాళ్లు ఒప్పుకోకపోతే పొడుగు కర్ర చీపురు తీసుకుని నిటారుగా ఊడవండి. గదికో చెయ్యి మార్చండి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు మొదట్లో ఎడమచేత్తో దుమ్ము సగం మిగిలిపోతుంది, రెండు వారాల్లో అలవాటవుతుంది. నాకు కుడి భుజం నొప్పి తగ్గింది ఈ ఒక్క మార్పుతోనే.

తడిబట్ట. కర్ర మాప్ అయితే చేతులతో కాదు, కాళ్లతో నడిపించండి. ఒక కాలు ముందు, ఒకటి వెనక, బరువు ముందుకీ వెనక్కీ మార్చుతూ. కూర్చుని తుడిచేవాళ్లు మోకాలు నేలకు ఆనించేటట్టయితే కింద మడతపెట్టిన పాత తువ్వాలు వేసుకోండి. గచ్చు మీద రోజూ మోకాలు ఆనించి పనిచేస్తే చిప్ప ముందు నీటితిత్తి వాస్తుంది.

బకెట్. 20 లీటర్ల బకెట్ నిండా నీళ్లంటే 20 కిలోలు. ఒక చేత్తో నిండు బకెట్ కంటే రెండు చేతుల్లో రెండు సగం బకెట్లు మేలు. ఎత్తేముందు దాని దగ్గరికి జరిగి, మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి, తొడల బలంతో లేవండి. ఊపిరి బిగబట్టకండి, లేస్తూ వదలండి. బరువు చేతిలో ఉన్నప్పుడు నడుం దగ్గర మెలి తిరగకండి, పాదాలతో తిరగండి. గ్యాస్ బండ సంగతి వేరు. బండలో గ్యాస్ 14.2 కిలోలే అయినా ఇనుముతో కలిపి 30 కిలోల దాకా ఉంటుంది, దాన్ని ఎత్తకండి, పడుకోబెట్టకుండా నిలువుగానే ఉంచి అడుగు అంచు మీద దొర్లించండి.

బట్టలు. దీన్ని చాలామంది వాడుకోరు. ఉతికిన బట్టల బుట్టను ఎత్తు మీద పెట్టకుండా నేల మీదే ఉంచండి. ఒక్కో బట్టకూ గొంతుక్కూర్చుని తీసి, లేచి, చేతులు పూర్తిగా పైకి చాచి దండెం మీద వేయండి. నలుగురున్న ఇంట్లో 30 బట్టలంటే 30 గుంజీలు. మెషీన్ పిండినా సరే, దుప్పట్లు తువ్వాళ్లు మరోసారి చేత్తో పిండండి, ఒకసారి కుడికి మెలిపెట్టి, ఒకసారి ఎడమకి. ముంజేతులకు ఇంతకంటే మంచి పని జిమ్‌లో వెతుక్కోవాలి.

బూజు దులిపేటప్పుడు మెడ వెనక్కి వాల్చి ఎక్కువసేపు ఉండకండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

6. ఇంటిపని ఇవ్వనిది విడిగా పెట్టుకోండి

జిమ్‌ను నేను పూర్తిగా తీసిపారేయనిది ఇక్కడే. కండకు బలం రావాలంటే బరువు కొంచెం కొంచెంగా పెరుగుతూ పోవాలి. ఈ నెల చీపురు ఎంత బరువుందో వచ్చే ఏడాదీ అంతే. మొదటి నెలలో కష్టమనిపించిన పని నాలుగో నెలకు ఒంటికి అలవాటైపోతుంది, బలం పెరగడం ఆగిపోతుంది. వారానికి కనీసం రెండు రోజులు పెద్ద కండలన్నిటికీ బలం పని ఉండాలనేది కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటే. నలభై దాటిన ఆడవాళ్లకు, ముఖ్యంగా నెలసరి ఆగినవాళ్లకు, ఎముకల కోసం ఇది మరీ అవసరం. చేసేది వాళ్లే తక్కువ.

వారానికి రెండు రోజులు, 20 నిమిషాలు చాలు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం 12 సార్లు. వంటగట్టు అంచు పట్టుకుని ఏటవాలుగా దండీలు 10. 5 కిలోల బియ్యం సంచి ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి మంచానికి ఆనించి వంగి, మోచెయ్యి వెనక్కి లాగుతూ సంచిని పక్కటెముకల దగ్గరికి తేవడం 10, తర్వాత రెండో చేత్తో. ఇవన్నీ మూడు విడతలు. తేలిగ్గా అయిపోతుంటే సంచి 7 కిలోలు చేయండి, తర్వాత 10. కుర్చీలో లేచేటప్పుడు ఆ సంచినే గుండెకు హత్తుకోండి. వీపుకు లాగే పని ఇంటిపనిలో దాదాపు లేదు కాబట్టి ఆ మూడోదాన్ని మాత్రం మానకండి. అరవై అయిదు దాటినవాళ్లు దోసె కాలేలోపు గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం సాధన చేయాలి. ఆ వయసులో తూలి పడకుండా ఉండటమే పెద్ద బలం.

బరువులెత్తడం ఎప్పుడూ చూడనివాళ్లయితే రెండు నెలలు జిమ్‌కు కట్టి నేర్చుకుని రండి. అది దండగ ఖర్చు కాదు.

7. ఇంట్లో ఎవరు చేస్తున్నారో చూడండి

దేశమంతా జరిపిన 2024 కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికి పెడుతున్నారని, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని లెక్క వచ్చింది. దాదాపు ఐదు గంటలు పనిచేసే మనిషికి "నీకు వ్యాయామం అక్కర్లేదులే, ఇంటిపని ఉందిగా" అనడం అన్యాయం. అలాగని "అది చాలదు, ఇంకో గంట నడువు" అనడమూ అన్యాయమే. మా ఆవిడ కాగితం చూస్తే ఐదు గంటల్లో ఊపిరి పెరిగింది కొద్ది నిమిషాలే. మిగతాదంతా స్టవ్ ముందు, సింకు ముందు నిలబడటం. రెండంతస్తులు ఎక్కితే ఆయాసపడేది.

కాబట్టి ఆవిడకు పని కలపకూడదు, తీసేయాలి. ఊడ్చడం, తడిబట్ట, బాత్రూములు, మోతలు నేను తీసుకున్నాను. రాత్రి వంటిల్లు సర్దడం మా అబ్బాయి తీసుకున్నాడు. మిగిలిన సమయంలో ఆవిడ సాయంత్రం 35 నిమిషాలు నడుస్తుంది, బియ్యం సంచి పని నాతోపాటే చేస్తుంది. మగవాళ్లు జిమ్ మానేసి ఆ గంట ఇంట్లో పెడితే ఇద్దరి ఆరోగ్యమూ ఒకేసారి బాగుపడుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇల్లు తుడవడానికి మనిషి వస్తుంటే, మీ వ్యాయామం కోసం ఆవిడను మాన్పించకండి. ఆ జీతం మీద ఒక కుటుంబం నడుస్తుంది. ఆవిడ చేయని పనులు ఎన్నో ఉంటాయి: ఫ్యాన్లు, బూజు, బాత్రూములు, డాబా, బండి కడగడం, సరుకుల మోత. వాటితోనే 150 నిండుతుంది.

8. రెండు నెలలకోసారి కొలవండి

బరువు ఒక్కటే చూస్తే నిరాశ పడతారు. 70 కిలోల మనిషి 40 నిమిషాలు ఊడ్చి తుడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 క్యాలరీలు. అందులో ఊరికే కూర్చున్నా అయ్యేవే 45 దాకా. ఒక మసాలా దోసెలో అంతకంటే ఎక్కువ ఉంటాయి. బరువు తగ్గేది కంచం దగ్గర.

బదులుగా ఇవి రాసుకోండి. మూడంతస్తులు ఆగకుండా ఎక్కాక మాట ఎలా వస్తోంది. అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారు. బొడ్డు దగ్గర టేపు ఎంత చూపిస్తోంది: మనవాళ్లలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు ఆ రీడింగులు.

జిమ్ నుంచి రెన్యువల్ మెసేజ్ వచ్చిన రోజు ఆ కాగితం తీయండి. గత నాలుగు వారాల్లో ప్రతి వారం 150 దాటిందా? బియ్యం సంచి రెండు రోజులూ లేచిందా, బరువు పెరిగిందా? రెండింటికీ అవునైతే ఆ డబ్బు ఉంచుకోండి. మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అయితే మూడు నెలలకు కట్టి బరువుల దగ్గరికే వెళ్లండి, ట్రెడ్‌మిల్ వదిలేయండి. రెండూ కాదంటే కట్టేయండి, కానీ చీపురు మాత్రం తిరిగి మీ ఆవిడ చేతికి ఇవ్వకండి.